మోక్సా కాపడం: ఒళ్ళు కాలకుండా ఇంట్లో పెట్టుకునే పద్ధతి

మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్క ఎండిన ఆకును దంచి, జల్లించి, దూదిలా చేసి, కాగితంలో కడ్డీగా చుట్టి, కొసను వెలిగించి, ఆ నిప్పును చర్మానికి తగలనివ్వకుండా ఒంటి మీద ఎంచుకున్న ఒక చోట వేడి పట్టించడమే మోక్సా. చైనా సంప్రదాయ వైద్యంలో ఇది సూదుల వైద్యమైన ఆక్యుపంక్చర్‌కు జంట. వయసులో కూడా సూదికేమీ తీసిపోదు. 1973లో హునాన్ రాష్ట్రంలోని చాంగ్‌షా దగ్గర మావాంగ్‌డుయ్ సమాధిలో పట్టుబట్ట మీద రాసిన వైద్య ప్రతులు దొరికాయి. ఆ సమాధి క్రీ.పూ. 168 నాటిది. ఆ వైద్యం ఒంట్లో ఉన్నాయనే పదకొండు నాడీమార్గాలను వివరించే ఆ ప్రతుల్లో చికిత్సగా చెప్పింది మోక్సానే, సూది మాట లేదు. ఆక్యుపంక్చర్‌నీ మోక్సానీ కలిపి 2010లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. పసిపిల్లలకు కామెర్లనీ, పొట్ట ఉబ్బరమనీ కాల్చిన ఇనుముతో వాతలు పెట్టే అలవాటు మన ఊళ్ళలో అక్కడక్కడా ఇంకా మిగిలే ఉంది. మోక్సా వాత కాదు. చైనాలో పూర్వం చర్మం మీదే మోక్సాను కాల్చి పుండు చేసే పద్ధతి ఉండేది, మచ్చ పడేదాకా కాల్చేవారు. దాన్ని ఇంట్లో ఎవరూ, ఏ కారణానికీ చేయకూడదు. ఇక్కడ చెప్పే పద్ధతిలో చర్మం గులాబీ రంగులోకి మారాలి, కాసేపటికి మామూలైపోవాలి. బొబ్బ వచ్చిందంటే పని బాగా జరిగిందని కాదు, తప్పు జరిగిందని.

దీనితో ఏం ఆశించవచ్చు? చలికి బిగుసుకుపోయే మోకాళ్ళు, చల్లటివి తింటే మెలిపెట్టే కడుపు, నెలసరి సమయంలో వేడి తగిలితే హాయినిచ్చే పొత్తికడుపు నొప్పి, ఎప్పుడూ చల్లగా ఉండే పాదాలు. అంటే వేడికి తగ్గే బాధలు. చైనా వైద్యులు కూడా దీన్ని చలి వల్ల, నీరసం వల్ల వచ్చే బాధలకే వాడతారు. జ్వరానికీ, ఎర్రగా వాచి కాలిపోతున్న కీలుకూ వాడరు. దీని మీద అధ్యయనాలు చాలానే జరిగాయి గానీ, వాటిలో ఎక్కువ భాగం చిన్నవి, నాణ్యత అంతంతమాత్రం. అందుకని దీన్ని ఉపశమనంగా చూడండి. బీపీ మాత్రో, షుగరు మాత్రో ఆపేసి దీని మీద ఆధారపడకండి. కారణం తెలియని నొప్పికి ముందు డాక్టరు, తర్వాతే మోక్సా.

ఎవరు పెట్టుకోకూడదు

షుగరు వల్ల కాళ్ళు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవారు ఈ జాబితాలో మొదట ఉంటారు. మోక్సా మొత్తం "వెచ్చగా ఉంది", "వేడెక్కువైంది" అని చర్మం చెప్పే మాట మీదే నడుస్తుంది. ఆ మాట చెప్పలేని కాలికి నిప్పు దగ్గర పెడితే లోతుగా కాలేదాకా తెలియదు. షుగరు ఉన్న కాలికి పుండు పడితే ఎంత కష్టమో ఆ ఇంట్లో వాళ్ళకు తెలిసిందే. పక్షవాతం వచ్చిన వైపుకూ ఇదే వర్తిస్తుంది. స్పర్శ ఉందో లేదో సందేహంగా ఉంటే కళ్ళు మూసుకుని, ఆ చోట దూదితో ఒకసారి, అగ్గిపుల్ల కొసతో ఒకసారి తాకించుకోండి. తేడా చెప్పలేకపోతే అక్కడ మోక్సా వద్దు.

గర్భిణులకు పొట్ట, నడుము, లోపలి చీలమండ పైభాగం పూర్తిగా నిషిద్ధం. జ్వరంలో ఉన్నవారు, ఆస్తమా ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, మద్యం తాగినవారు కూడా వద్దు. పసిపిల్లల జోలికి వెళ్ళకండి. ముఖం, కళ్ళ చుట్టుపక్కల, మెడ పక్కన కొట్టుకునే నాడి, ఉబ్బిన సిరలు, గాయాలు, దద్దుర్లు, పుట్టుమచ్చలు, జననాంగాలు, చనుమొనలు, వీటి మీద ఎప్పుడూ పెట్టకూడదు. ఖాళీ కడుపుతోనూ, కడుపు నిండా తిన్న వెంటనే కూడా వద్దు. తిన్నాక గంటైనా ఆగండి. ఖాళీ కడుపుతో పెట్టుకుంటే కళ్ళు తిరగవచ్చు.

కడ్డీ ఎంచుకోవడం

మోక్సాకు చైనాలో వాడే మొక్క ఆర్టెమీసియా ఆర్గై. వినాయక చవితి పత్రిలో మొట్టమొదట సమర్పించే మాచిపత్రి కూడా ఈ కుటుంబంలోదే, అదే ఘాటు వాసన. ఆకు అడుగున తెల్లటి నూగు ఉంటుంది చూడండి, దూదిగా మిగిలేది ఆ నూగే. ఆకు కండ పొడిగా రాలిపోతుంది, నూగు మాత్రం పట్టుకుని ఉంటుంది. మాచిపత్రిని ఎండబెట్టి దంచినా కొంత దూది వస్తుంది గానీ, తక్కువగా, గరుగ్గా వస్తుంది. పొడీ ఈనెలూ మిగిలిపోతే నిప్పురవ్వలు చిట్లుతాయి. కాబట్టి చేతిలో వేడి పట్టు కుదిరేదాకా తయారైన కడ్డీలే కొనండి.

హుబే రాష్ట్రంలోని చీచున్ ఆకుకు పేరు ఎక్కువ. హెనాన్‌లోని నాన్‌యాంగ్‌లో కడ్డీల తయారీ పెద్ద ఎత్తున సాగుతుంది. ఆకును ఐదో చాంద్రమాసం ఐదో రోజున వచ్చే పడవల పండుగ రోజుల్లో కోస్తారు. ఆ పండుగకు ఇళ్ళ గుమ్మాలకు కూడా ఈ కొమ్మలే కడతారు.

కొనేటప్పుడు చూడాల్సినవి ఇవి. మామూలు కడ్డీ సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 1.8 సెంటీమీటర్ల మందం ఉంటుంది. పెట్టె మీద 5:1, 15:1, 30:1 అని రాసి ఉంటుంది. ఎన్ని కిలోల ఆకు నుంచి ఒక కిలో దూది తీశారన్నది ఆ లెక్క. సంఖ్య పెరిగేకొద్దీ దూది మెత్తన, మంట నెమ్మది. కడ్డీతో దూరం నుంచి కాపడం పెట్టడానికి 5:1 నుంచి 15:1 దాకా ఏదైనా సరిపోతుంది. 30:1 దూదిని చర్మానికి దగ్గరగా కాల్చే చిన్న కోన్లకు వాడతారు, మీకు ఆ ఖర్చు అవసరం లేదు. ఇక 100:1 అని రాసి ఉంటే ఆ అంకెకు డబ్బు పోయకండి, సరిచూసుకునే దారి కొనేవాడికి లేదు.

అంకె కన్నా మీ వేళ్ళే నమ్మకం. కడ్డీ కొస నుంచి చిటికెడు దూది లాగి నలపండి. మెత్తగా, పోగులు పోగులుగా ఉండాలి, పుల్లలు తగలకూడదు. రంగు మట్టి పసుపులో ఉండాలి. ఆకుపచ్చగా ఉంటే కొత్త ఆకు, నూనె శాతం ఎక్కువ, మంట దురుసుగా ఉంటుంది. అందుకే కోసిన ఆకును ఏళ్ళ తరబడి నిల్వ ఉంచి వాడతారు, మూడేళ్ళు పాతబడ్డ ఆకును మంచిదంటారు. కడ్డీని వేళ్ళ మధ్య నొక్కితే గట్టిగా ఉండాలి. వదులుగా చుట్టిన కడ్డీ త్వరగా కాలుతుంది, బూడిద ఉన్నట్టుండి ముద్దగా రాలుతుంది. ఇంట్లో జరిగే కాలిన గాయాలకు ఇదీ ఒక కారణం.

పొగ రాని కడ్డీలూ ఉన్నాయి. అవి ఆకును బొగ్గు చేసి బిగించినవి, నల్లగా ఉంటాయి. వెలగడానికి చాలాసేపు పడుతుంది, వెలిగాక వేడి తీవ్రంగా ఉంటుంది, ఆర్పడమూ కష్టమే. మొదటిసారి చేసేవారికి మామూలు కడ్డీయే మేలు. విదేశాల్లో అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి మాత్రం పొగ అలారం సమస్య వస్తుంది. అలారం బ్యాటరీ తీసేసి మోక్సా వెలిగించే పని ఎప్పుడూ చేయకండి. నిప్పుతో పని చేస్తున్నప్పుడే ఆ అలారం అవసరం ఎక్కువ. అక్కడ పొగలేని కడ్డీ వాడుకోండి.

గది, చేతికందే సామాను

కిటికీ తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే వేయండి, సీలింగ్ ఫ్యాన్ మాత్రం ఆపండి. పైనుంచి గాలి కొడితే కడ్డీ త్వరగా కాలుతుంది, బూడిద ఎగురుతుంది, వేడి ఒకచోట నిలవదు. ఇది ఏ పొగకైనా వర్తించేదే: మూలికల పొగ కదా మంచిదేలే అని తలుపులు బిగించుకుని పీల్చకండి. సన్నటి ధూళి కణాలు ఇందులోనూ ఉంటాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి: అడుగున నీళ్ళు పోసిన స్టీలు గిన్నె, బూడిద రాల్చుకోవడానికి గాజు లేదా పింగాణీ పళ్ళెం, ఒక తడి నూలు తువ్వాలు, కడ్డీని ఆర్పే గొట్టం, టైమరుకు ఫోను. కాటన్ బట్టలు వేసుకోండి. పాలిస్టర్ నైటీ, సింథటిక్ చీర కొంగు, చున్నీ, విడిచిన జుట్టు, ఇవన్నీ నిప్పురవ్వను అందుకునేవే. కూర్చునేది కుర్చీలో అయితే మంచిది. పరుపు మీద, సోఫాలో వద్దు. రవ్వ పడితే పైకి కనిపించకుండా లోపల రాజుకుంటుంది.

పెట్టుకునే చోట అంతకుముందు బామ్ రాయకండి. బామ్ చల్లదనం, మంట రెండూ కలిపి చర్మాన్ని తికమక పెడుతుంది, అసలు వేడి ఎంతో తెలియదు. చేతులకు శానిటైజర్ రాసుకుంటే అది పూర్తిగా ఆరేదాకా అగ్గిపుల్ల ముట్టుకోవద్దు.

చోటు పట్టుకోవడం: జుసాన్లీ

మొదట ఒక్క చోటే నేర్చుకోండి. మోకాలి కింద, కాలి బయటి వైపున ఉండే జుసాన్లీ అందుకు బాగా సరిపోతుంది. పుస్తకాల్లో ఎస్‌టీ 36 అని ఉంటుంది. చైనా, జపాన్ రెండు చోట్లా ఆరోగ్యంగా ఉన్నవారు కూడా ఓపిక కోసం పెట్టుకునే చోటు ఇది. కూర్చుంటే మీ చేతికే అందుతుంది, కళ్ళకు కనిపిస్తుంది, కింద కండ ఉంటుంది.

కుర్చీలో కూర్చుని మోకాలిని లంబకోణంలో మడవండి. మోకాలిచిప్ప కింద రెండు పక్కలా రెండు గుంటలు తగులుతాయి. బయటి వైపు గుంటలో వేలు పెట్టండి. అక్కడ నుంచి మీ నాలుగు వేళ్ళు, బొటనవేలు కాకుండా, దగ్గరగా చేర్చి అడ్డంగా కొలవండి. ఆ వెడల్పు మూడు సున్. సున్ అంటే చైనా వైద్యంలో ఒంటి కొలత, బొటనవేలి కణుపు దగ్గర వెడల్పు ఒక సున్. ఎవరికి పెడుతున్నారో వాళ్ళ వేళ్ళతోనే కొలవాలి. భర్త కాలిని భార్య వేళ్ళతో కొలిస్తే చోటు తప్పుతుంది. నాలుగు వేళ్ళ కింద అంచు దగ్గర, కాలి ముందు ఎముక అంచు నుంచి ఒక వేలి వెడల్పు బయటికి జరగండి. ఇప్పుడు పాదాన్ని పైకి లాగితే అక్కడ కండ ఉబ్బుతుంది. దాని మధ్యలో గట్టిగా నొక్కితే కాస్త మొద్దుగా, సలుపుగా ఉండే చోటు ఉంటుంది, అదే. బాల్ పెన్నుతో చుక్క పెట్టుకోండి. ఎముక మీద చుక్క పడితే తప్పు. ఎముక మీద చర్మం పలచన, త్వరగా కాలుతుంది.

వెలిగించడం

కడ్డీకి పైన ప్లాస్టిక్ కవరో, అంటించిన రంగు కాగితమో ఉంటే తీసేయండి, చుట్టిన పలచటి కాగితాన్ని ఉంచండి. కొవ్వొత్తి గానీ లైటరు గానీ వాడండి. గ్యాస్ పొయ్యి మీద వెలిగిస్తే మంట పక్కలకు ఎగబాకి కాగితం సగం దాకా కాలుతుంది. కడ్డీని కాస్త వాలుగా పట్టుకుని, కొసను మంట చివర తిప్పుతూ ఉంచండి. అర నిమిషం నుంచి ఒక నిమిషం పడుతుంది. మంట అంటుకుంటే ఊది ఆర్పేయండి, మనకు కావాల్సింది మంట కాదు, నిప్పు. కొసను మెల్లగా ఊదితే మొత్తం గుండ్రంగా ఎర్రబడాలి. ఒక పక్కే ఎర్రగా ఉండి మరో పక్క నల్లగా ఉంటే మళ్ళీ పెట్టండి. ఒంటి పక్క వెలిగిన కడ్డీ వంకరగా కాలుతూ పోతుంది, దూరం ఎంతో మీ కంటికి తప్పు లెక్క చెబుతుంది.

పట్టుకునే తీరు

ఇదే అసలు పని. తొందరపడకుండా చదవండి.

కడ్డీని పెన్ను పట్టుకున్నట్టు మూడు వేళ్ళతో పట్టుకోండి. ఆ చేతి చిటికెన వేలి అంచును కాలికి ఆనించండి. చేయి గాలిలో వేలాడితే రెండో నిమిషానికే వణుకుతుంది, దూరం మారిపోతుంది. రెండో చేతి చూపుడు, మధ్య వేళ్ళను చుక్కకు చెరో పక్కన చర్మం మీద పెట్టండి. మీకు మీరు పెట్టుకున్నా, ఇంట్లో పెద్దవారికి పెడుతున్నా ఈ రెండు వేళ్ళు అక్కడ ఉండాల్సిందే. అవతలివారి చర్మం ఎంత వేడెక్కిందో మీకు తెలిసేది వాటితోనే. మొహమాటానికి "బానే ఉందమ్మా, కానీ" అనే పెద్దవారు ఉంటారు, మీ వేళ్ళు మొహమాటపడవు.

నిప్పు కొస చర్మానికి 5 సెంటీమీటర్ల దూరంలో మొదలుపెట్టి మెల్లగా దగ్గరికి తీసుకురండి. చాలామందికి 2 నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర సరైన వేడి తగులుతుంది. నిప్పు వేడి 500 డిగ్రీలు దాటి ఉంటుంది, అందుకని అర సెంటీమీటరు తేడా కూడా చర్మానికి చాలా తేడా. స్కేలు పెట్టి కొలవక్కర్లేదు, గుర్తు వేరే ఉంది: వెచ్చదనం మెల్లగా లోపలికి దిగుతున్నట్టు, "ఇంకాసేపు ఉంటే బాగుండు" అనిపించేలా ఉండాలి. పైపైన చురుక్కుమంటే దగ్గరైంది. ఏమీ తెలియకపోతే దూరమైంది, లేదా కొస మీద బూడిద పేరుకుంది.

చురుక్కుమనగానే తీసేయాలి, ఓర్చుకోకూడదు. ఓర్చుకుంటే ఫలితం ఎక్కువ అనే నమ్మకం తప్పు. ఓర్చుకున్న వేడి పై చర్మాన్నే కాలుస్తుంది, లోపలికేమీ పోదు. తీసి, రెండో చేతి బొటనవేలితో ఆ చోట ఒకసారి నొక్కి, రెండు మూడు సెకన్లు ఆగి మళ్ళీ పెట్టండి.

బూడిద సంగతి. రెండు నిమిషాలకొకసారి కడ్డీని కాలి మీద నుంచి పూర్తిగా పక్కకు తీసి, పళ్ళెం అంచుకు కొసను మెల్లగా దొర్లించి బూడిద రాల్చండి. సిగరెట్‌లా తట్టకండి, తడితే నిప్పుముద్ద కూడా ఊడి పడుతుంది. బూడిద పేరుకుంటే వేడి తగ్గిపోతుంది. అప్పుడు మీకు తెలియకుండానే కడ్డీని ఇంకా దగ్గరికి తెస్తారు. సరిగ్గా ఆ సమయంలో బూడిద రాలితే, లోపలి ఎర్రటి నిప్పు సెంటీమీటరు దూరంలో చర్మానికి ఎదురుగా ఉంటుంది. బొబ్బలు ఎక్కువగా వచ్చేది ఈ వరుసలోనే. బూడిద రాల్చిన ప్రతిసారీ కడ్డీని మళ్ళీ 5 సెంటీమీటర్ల నుంచి మొదలుపెట్టండి. కడ్డీ కాలి పొట్టిబడేకొద్దీ చేతిని కూడా ఆ మేరకు సర్దుకోవాలి.

మొదటి రోజు ఒక్కో కాలికి 5 నిమిషాలు చాలు. అలవాటయ్యాక 10 నుంచి 15. గడియారం కన్నా చర్మం ముందు: రూపాయి బిళ్ళంత మేర సమంగా గులాబీ రంగు వస్తే అక్కడికి ఆపేయవచ్చు. ఎర్రటి, తెల్లటి మచ్చలు కలిసి పడితే వేడి సమంగా పడలేదని అర్థం.

ఇలా ఒకే ఎత్తులో నిలిపి పట్టడం ప్రధాన పద్ధతి. దీనికి రెండు రకాల మార్పులున్నాయి. కొసను చర్మం వైపు దించి, ఎత్తి, పిచ్చుక గింజలు ఏరుకున్నట్టు ఆడించేది ఒకటి. చైనాలో దీన్ని అలాగే పిలుస్తారు కూడా. దీని వేడి చురుకైనది, ఒక చోట 5 నిమిషాలు మించకూడదు, కొత్తవారి చేతిలో కొస చర్మానికి తగిలే ప్రమాదం ఉంది. రెండోది 3 సెంటీమీటర్ల ఎత్తులో గుండ్రంగా తిప్పడం. నొప్పి ఒక చుక్కలో కాకుండా మోకాలి చుట్టూనో, భుజం అంతటానో ఉంటే ఇదే మంచిది, 20 నిమిషాల దాకా చేయవచ్చు.

ఆర్పడం

మోక్సాతో నిప్పు ప్రమాదం వాడుతున్నప్పుడే కాదు, వాడాక కూడా ఉంటుంది. పైన బూడిదగా, చల్లారినట్టు కనిపించే కడ్డీ లోపల నిప్పు గంటసేపైనా నిలుస్తుంది. చెత్తబుట్టలో వేస్తే అర్ధరాత్రి రాజుకుంటుంది.

కడ్డీ కన్నా కొద్దిగా పెద్ద రంధ్రం ఉన్న ఇత్తడి లేదా స్టీలు గొట్టాలు అమ్ముతారు. నిప్పు కొసను అందులోకి దించితే గాలి అందక పది నిమిషాల్లో ఆరుతుంది. అది లేకపోతే గాజు సీసాలో పొడి ఇసుకో, పాత బియ్యమో మూడు వేళ్ళ లోతు పోసి కొసను అందులో గుచ్చండి. నీళ్ళలో ముంచితే ఆరుతుంది గానీ ఆ కడ్డీ ఇక పనికిరాదు, దూది తడిని పట్టుకుని మళ్ళీ సరిగా వెలగదు. నేలకేసి నలిపితే నిప్పు ముక్కలై చెల్లాచెదురవుతుంది. అరగంట తర్వాత కొసకు దగ్గరగా, తాకకుండా, చేయి పెట్టి చూడండి. వెచ్చదనం ఏమాత్రం తెలిసినా ఇంకా ఆరలేదు. కొసన మిగిలిన నల్లటి భాగాన్ని తీసేయకండి, మరుసటిసారి దాని మీదే త్వరగా వెలుగుతుంది. పళ్ళెంలో రాల్చిన బూడిదను మాత్రం నీళ్ళ గిన్నెలో వేసి తడిపాకే పారేయండి.

అల్లం మీద మోక్సా

చల్లదనానికి కలిగే కడుపునొప్పికి, వికారానికి ఈ పద్ధతి బాగా వాడతారు. బొడ్డుకూ రొమ్ము ఎముక కింది కొసకూ సరిగ్గా సగం దూరంలో ఉండే జోంగ్‌వాన్ అనే చోట పెడతారు. పెట్టించుకునేవారు వెల్లకిలా పడుకోవాలి, ఇంకొకరు పెట్టాలి. ఒంటరిగా చేసుకోకండి.

ముదురు అల్లం తీసుకోండి. లేత అల్లంలో నీరెక్కువ, ఆవిరి కాలుస్తుంది. రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందంతో బిళ్ళగా కోయండి. అంతకన్నా పలచనైతే వేడి ఒక్కసారిగా దిగుతుంది, మందమైతే అసలు దిగదు. సూదితో పది పదిహేను రంధ్రాలు చేయండి. మోక్సా దూదిని బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్ళతో బిగించి నొక్కి, అడుగు చదునుగా సెంటీమీటరు ఎత్తు కోన్‌గా చేయండి. వదులుగా చేస్తే కాలుతూ పక్కకు ఒరుగుతుంది. కోన్‌ను బిళ్ళ మీద నిలిపి, బిళ్ళను చోటు మీద ఉంచి, అగరుబత్తి కొసతో కోన్ చివర అంటించండి. అగ్గిపుల్ల వద్దు, దాని తల ఊడి పడుతుంది.

కోన్ మూడొంతులు కాలేసరికి వేడి దిగడం మొదలవుతుంది. చురుక్కుమంటే బిళ్ళను అంచు పట్టి కొద్దిగా ఎత్తండి, లేదా కింద ఇంకో అల్లం బిళ్ళ జొనపండి. ఒక చెంచా, తడి తువ్వాలు చేతిలోనే ఉండాలి. కాలిన కోన్‌ను చెంచాతో నీళ్ళ గిన్నెలోకి తీసేసి కొత్తది పెట్టండి. ఐదు కోన్లు చాలు. అల్లం ముడుచుకుపోతే బిళ్ళ మార్చండి. సున్నితమైన చర్మానికి అల్లమే దురద పెట్టవచ్చు, మొదట ముంజేతి మీద పది నిమిషాలు ఉంచి చూసుకోండి. వెల్లుల్లితో కూడా చేస్తారు గానీ అది మోక్సా లేకపోయినా చర్మాన్ని పొక్కిస్తుంది, ఇంట్లో వద్దు. బొడ్డులో ఉప్పు నింపి చేసే పద్ధతీ ఉంది. వేడికి ఉప్పు చిటపటా పేలి కాల్చుతుంది, అందుకే తెలిసినవారు ఉప్పు మీద అల్లం బిళ్ళ కప్పాకే కోన్ పెడతారు. అది వారికే వదిలేయండి.

పొత్తికడుపుకూ నడుముకూ వెదురు మోక్సా పెట్టె సులువు. అడుగున ఇనుప జాలీ ఉంటుంది, రెండు మూడు సెంటీమీటర్ల కడ్డీ ముక్కను రెండు కొసలా వెలిగించి జాలీ మీద పెట్టి మూత వేస్తారు. బొడ్డు కింద నాలుగు వేళ్ళ దూరంలోని గ్వాన్‌యువాన్ మీద 20 నిమిషాలు ఉంచితే నెలసరి నొప్పికి హాయిగా ఉంటుంది. రక్తస్రావం మామూలుగానే ఎక్కువగా ఉండేవారు ఆ రోజుల్లో పెట్టుకోకండి. చేయి పెట్టి పట్టుకునే పని లేదు కాబట్టి నిద్ర ముంచుకొస్తుంది, పెట్టెలతో వచ్చే అసలు చిక్కు అదే. పక్కన మేలుకుని ఉండే మనిషి లేకుండా పెట్టె వాడకండి. జాలీకీ చర్మానికీ మధ్య మడిచిన నూలు బట్ట వేయండి.

తేడా వస్తే

కాలితే వెంటనే ఆ చోటును కుళాయి కింద ధారగా పడే మామూలు నీళ్ళలో 20 నిమిషాలు ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు, వెన్న, పసుపు ఏవీ పూయకండి. చిన్న బొబ్బ వస్తే చిదపకుండా వదిలేయండి, పైన శుభ్రమైన పొడి గాజుగుడ్డ కట్టండి. బొబ్బ పెద్దదైనా, చీము పట్టినా, చుట్టూ ఎరుపు పాకినా డాక్టరుకు చూపించండి. పూర్తిగా మానేదాకా ఆ చోట మోక్సా లేదు.

కళ్ళు తిరిగి, చెమటలు పడితే కడ్డీ తీసి ఆర్పి, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో ఉంచి, గాలి ఆడనివ్వండి. తేరుకున్నాక గోరువెచ్చటి నీళ్ళు ఇవ్వండి. మామూలుగా కూడా మోక్సా అయ్యాక ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్ళు తాగడం, గంట దాకా చన్నీటి స్నానం చేయకపోవడం అక్కడి అలవాటు. రెండు మూడు గంటలైనా ఎరుపు తగ్గకపోతే మరుసటిసారి సమయం సగానికి తగ్గించండి. నోరు ఎండిపోయి, నిద్ర పట్టక, ఒంట్లో వేడి చేసినట్టుంటే మీరు ఎక్కువగా పెట్టుకుంటున్నారు, వారం ఆపండి. మన ఎండాకాలంలో ఇది తరచుగా జరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మానేయడమే మంచిది, చలికాలం దీనికి అనువైన కాలం. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు మించక్కర్లేదు. రెండు మూడు చోట్ల పెట్టాలనుకుంటే పై భాగం ముందు, కింది భాగం తర్వాత.

గర్భంలో ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డ తల కిందికి తిరగడానికి కాలి చిటికెన వేలి గోరు బయటి మూల దగ్గర, జీయిన్ అనే చోట మోక్సా పెడతారు. 1998లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనంలో 33వ వారంలో ఉన్న 260 మంది తొలిచూలు గర్భిణులను రెండు జట్లు చేసి చూశారు. మోక్సా పెట్టిన జట్టులో 35వ వారానికి తల తిరిగిన బిడ్డలు ఎక్కువ. మోక్సా పేరు వైద్యుల్లో గట్టిగా వినిపించడానికి కారణమైన పరిశోధన ఇది. అయినా దీన్ని ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకూడదు. మాయ కిందికి ఉందా, కవలలా, ఇంతకుముందు సిజేరియన్ అయిందా, ఉమ్మనీరు ఎంత ఉంది అన్నవి స్కానింగ్‌లో చూసి, మీ గైనకాలజిస్టు ఒప్పుకున్నాకే, శిక్షణ ఉన్నవారి చేత మొదటి రోజు చేయించుకుని, చోటూ దూరమూ వారి దగ్గరే నేర్చుకోవాలి. పెడుతున్న రోజుల్లో బిడ్డ కదలికలు తగ్గినా, నొప్పులు మొదలైనా, రక్తం లేదా ఉమ్మనీరు కనిపించినా కడ్డీ ఆర్పి నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.